రెండోసారి చేసిన పళ్లు

బుధవారం ఉదయం పదింటికి టీవీ ఛానెల్ కారు వచ్చి తల్లిని ఎక్కించుకుని వెళ్లింది. కూతురికి ఆ సంగతి పదకొండు దాటాక తెలిసింది. చెప్పింది తల్లి కాదు, పక్కింటావిడ. "మీ అమ్మగారు చక్కగా తయారై కారెక్కారు, ఏదన్నా పెళ్లేమో అనుకున్నా, చూస్తే కారు మీద టీవీ ఛానెల్ పేరుంది" అంది ఫోన్లో.

కూతురు అప్పుడు పళ్లు చేస్తోంది. ఒక పళ్ల క్లినిక్ వెనక గదిలో ఆమె పని అదే. పళ్ల డాక్టర్లు పంపిన ప్లాస్టర్ అచ్చుల మీద మైనంతో పళ్లు మలుస్తుంది, లోహంతో పోత పోస్తుంది, పైన పింగాణీ పూసి బట్టీలో కాలుస్తుంది. ఊళ్లో అందరూ ఆమెను అక్క అంటారు. అంటే పాటగాడి అక్క. తమ్ముణ్ని అభిమానులు మైకు అని పిలిచేవారు. ఇంట్లో వాడు చిన్నోడు.

రెండేళ్ల కిందట చిన్నోడి కారు లారీని గుద్ది తగలబడింది. కారులో ఒక్కడే ఉన్నాడు. మొహం మిగల్లేదు. పైవరసలో రెండు పెట్టుడు పళ్లు మిగిలాయి. అవి అక్క చేసినవి. అంతకుముందు ఏడాది వాడు స్టేజీ మీంచి పడి ముందు పళ్లు ఊడగొట్టుకున్నాడు. "నా వంకర నాకు కావాలక్కా. తిన్నగా చేశావో, ఇక జన్మలో నోరు తెరవను" అన్నాడు. ఎడమ పన్నును కాస్త పక్కకు వాల్చి చేసింది. శవాగారంలో ఆ వంకర చూసి, వీడేనని సంతకం పెట్టింది. తల్లి చూస్తానంటే చూడనివ్వలేదు. పెట్టె మూసేశారని చెప్పింది.

ఈ పళ్లు మీరు చేసినవేనని ఎలా చెప్పగలరని విచారణలో అధికారి అడిగాడు. ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. మొదట చేసిన జత చిగుళ్ల మీద సరిగా కూర్చోలేదు. మళ్లీ చేశాను. ఇవి రెండోసారి చేసినవి. మొదటి జత ఏదని అడిగితే, కరిగించేశానంది.

ఆ జవాబు పేపర్లో వచ్చింది. వారం తిరక్కుండా ఎవరో వీడియో చేశారు. పళ్లు రెండు జతలు. ఒకటి శవం నోట్లో, ఇంకొకటి మైకు నోట్లో. పళ్లు చేసింది అక్క, గుర్తుపట్టింది అక్క, పెట్టె మూయించింది అక్క. ఆ తర్వాత మైకు చాలాచోట్ల కనబడ్డాడు. ఒక రేవులో వలలు బాగుచేస్తూ కనబడ్డాడు. ఒక విమానంలో గడ్డంతో నిద్రపోతూ కనబడ్డాడు.

తల్లి ఆ వీడియోలన్నీ చూసింది. మొదట్లో ఏడ్చేది. తర్వాత ఏడుపు మానేసింది. రాత్రిళ్లు తలుపు గడియ వేయడం మానేసింది. ఆ తర్వాత కూతురితో మాట్లాడటం తగ్గించింది.

అక్క చేతిలో ఉన్న అచ్చును బల్ల మీద పెట్టి, పింగాణీ పొడి అంటిన చేతులతోనే బయల్దేరింది.

ఛానెల్ ఆఫీసు మూడో అంతస్తులో ప్రొడ్యూసర్ ఎదురొచ్చాడు. "రండక్కా, కూర్చోండి. కాఫీ తాగుతారా?" అన్నాడు.

"నన్ను అక్క అనకండి. నాకున్నది ఒక్కడే తమ్ముడు. మా అమ్మ ఎక్కడ?"

"మేకప్ గదిలో ఉన్నారు. చాలా సంతోషంగా ఉన్నారు మేడమ్. కొడుక్కి నాలుగు మాటలు చెప్తారు, అంతే."

"చచ్చిపోయినవాడికా?"

"ఆ మాట మేం అనలేదు. బతికున్నాడనీ అనలేదు. అభిమానులు ఏమనుకుంటున్నారో చూపిస్తున్నాం."

"మీ దగ్గర కుట్ర కథలు వేసేటప్పుడు కింద పట్టీ వేస్తారు కదా, ఇవి నిరూపణ కానివి అని. దీనికి వేస్తారా?"

ప్రొడ్యూసర్ మెళ్లో వేలాడే కార్డును చేత్తో తిప్పాడు. "ఇది కుట్ర కథల్లోకి రాదు మేడమ్. వాటిల్లో ప్రభుత్వాలుంటాయి, మందుల కంపెనీలుంటాయి, జనానికి హాని ఉంటుంది. ఇందులో ఏముంది? ఒక కళాకారుడు పోయాడంటే జనానికి మనసొప్పలేదు. ప్రేమ అది. మేం దీన్ని వినోదం కింద వేస్తాం."

"సరే. నాకు ఒక్కటి చెప్పండి. చిన్నోడు బతికున్నాడనుకుందాం. మరి కారులో కాలిపోయిందెవరు?"

"అంటే..."

"ఎవరో ఒక మనిషి కాలాడు కదా. వాణ్ని అందులో ఎవరు కూర్చోబెట్టారు? నేను చేసిన పళ్లు వాడి నోట్లోకి ఎలా వచ్చాయి? వాడి పళ్లు పీకి నావి బిగించానా? బిగించాక నిప్పు పెట్టానా?"

"అంత దూరం ఎవరూ ఆలోచించరు మేడమ్."

"నేను ఆలోచిస్తాను. రోజూ అదే పని నాకు. మీరు ప్రేమ అంటున్నారే, ఆ ప్రేమ నిలబడాలంటే నేను ఒక మనిషిని చంపుండాలి. డాక్టరు నాతో కలిసుండాలి, పోలీసు నాతో కలిసుండాలి. దీన్ని కుట్ర అనకపోతే ఏమంటారు? ప్రభుత్వం ఉంటే పట్టీ వేస్తారు, పళ్లు చేసుకు బతికేది ఉంటే వెయ్యరు. అంతేనా?"

"మీరు చాలా కోపంగా ఉన్నారు" అన్నాడు ప్రొడ్యూసర్.

"ఉన్నాను. తలుపు ఎటు?"

మేకప్ గదిలో తల్లి అద్దం ముందు కూర్చుని ఉంది. మెడ చుట్టూ కాగితం దోపారు. ఒకమ్మాయి ఆమె మొహానికి పౌడర్ అద్దుతోంది.

"ఇంటికి పద" అంది కూతురు.

"అరవకమ్మాయ్. వీళ్లు మర్యాదగా చూసుకుంటున్నారు." తల్లి అద్దంలోంచే చూసింది. "మొదటి జత ఏం చేశావు?"

"కరిగించాను. వందసార్లు చెప్పాను."

"చెప్తావు. వాడు పరీక్ష తప్పితే పాసయ్యాడని చెప్పావు. సిగరెట్లు కాలిస్తే కిటికీలోంచి పొగ వచ్చిందని చెప్పావు. చిన్నప్పట్నించీ వాడేం చేసినా కప్పిపుచ్చింది నువ్వే. వాడికేదో ఇబ్బంది వచ్చి ఉంటుంది. దాచి ఉంటావు. నేనేం తిట్టను, ఎక్కడున్నాడో చెప్పు."

"నేను చూశానమ్మా. వాడికి మొహం లేదు. అందుకే నీకు చూపించలేదు."

పౌడర్ అద్దే అమ్మాయి చెయ్యి ఆగింది.

"మొహం లేకపోతే వాడేనని నీకెలా తెలిసింది?"

"పళ్లు చూసి."

"పళ్లు నువ్వే చేస్తావు కదే."

కూతురు అరచేత్తో బల్ల మీద కొట్టింది. బ్రష్షుల డబ్బా దొర్లి కింద పడింది. "బతికుంటే వాడు రెండేళ్లలో నీకొక్క ఫోను చెయ్యలేదన్నమాట. నువ్విలా తలుపు తీసుకుని కూర్చుంటే పట్టించుకోకుండా ఊరుకున్నాడన్నమాట. అంత వెధవా వాడు? నీ కొడుకు అంత వెధవా? నా తమ్ముణ్ని అంత మాట అంటే ఊరుకోను."

తల్లి మెడలో కాగితం తనే తీసి మడిచింది.

"వెధవైనా ఫర్లేదే. బతికుంటే చాలు" అంది.

పిలుపు వచ్చింది. తల్లి లేచి వెళ్లింది. కూతురు స్టూడియో తలుపు దాకా వెళ్లింది. అక్కడ ఉన్న కుర్రాడు అడ్డం నిలబడ్డాడు. తలుపుకున్న అద్దంలోంచి కుర్చీ కనబడింది, తల్లి కనబడింది. పైనున్న స్పీకర్లోంచి మాటలు వినబడ్డాయి. మీ అబ్బాయి ఇప్పుడు చూస్తుంటే ఏం చెప్తారని యాంకర్ అడిగింది.

తల్లి కెమెరా వైపు తిరిగింది. "ఇంటికి రా నాన్నా" అంది. "అక్క ఏమీ అనదులే. నేను దానికి చెప్తాను."

కార్యక్రమం ఆ రాత్రి రెండుసార్లు వేశారు. గురువారం క్లినిక్‌కు వచ్చిన వాళ్లలో ముగ్గురు పళ్ల పని లేకుండా వచ్చారు. వెనక గది ఎక్కడని అడిగారు. వాళ్లను డాక్టరు పంపేశాడు. తర్వాత అక్కను పిలిచి, కొన్నాళ్లు ఇంటి దగ్గర పని చేసుకోగలవా అని అడిగాడు. బట్టీ ఇంట్లో పట్టదని ఆమె చెప్పింది.

ఆదివారం తల్లి తన చెల్లెలి ఇంటికి మారింది. బట్టలు రెండు సంచుల్లో సర్దుకుంది. కూతురు సంచులు కిందికి మోసి కారులో పెట్టింది. తల్లి వెనక సీట్లో కూర్చుని, కిటికీ అద్దం దించింది.

"వాడి కొత్త నంబరు ఉంటే ఇవ్వు" అంది.

"లేదమ్మా" అంది కూతురు.

తల్లి అద్దం ఎత్తేసింది. కారు మలుపు తిరిగి వెళ్లిపోయింది.