రెండు నొక్కులు

విష్ణు చనిపోయిన పదకొండో రోజు కర్మకు అఖిలేష్ వెళ్లి, విష్ణు తల్లి లింగవ్వతో ఒక మాట చెప్పి వచ్చాడు. విష్ణు మంచు కింద ఉంటే, మొహసిన్ వెనక్కి తిరిగి నడిచిపోయిండని. ఆ మొహసిన్‌ని నేనే. అఖిలేష్ అబద్ధమాడలేదు. మా సైనిక దళంలో కొత్తవాడు, ఆ రోజు నా వీపు మాత్రమే చూశాడు. సగం చూసి మొత్తం చెప్పాడు, అందుకే నాకు ఒళ్లు మంట.

నాకు సెలవు దొరికేసరికి మూడు నెలలైంది. నిజామాబాద్‌లో మా ఇంట్లో సంచి పడేసి, నేరుగా బోధన్ బస్సెక్కాను.

లింగవ్వ చెరకు చేను గట్టు మీద కూర్చుని ఉంది. విష్ణు చెల్లెలు దీక్షిత చెరకు లోపల బర్రెలకు ఆకు కోస్తోంది.

"ఎందుకొచ్చినవ్?" అంది లింగవ్వ. ఇదివరకు నన్ను చూస్తే "తిన్నవా బిడ్డా" అనేది.

"నడిచిపోయిన మాట నిజమే అవ్వ. ఎందుకు పోయిన్నో చెప్పనీకి వచ్చిన."

"చెప్పుడెందుకు? పోయినవ్ గదా."

మాటలతో నచ్చజెప్పడం నాకు చేతకాదు. పదేళ్లుగా నా పని సెట్లతోనే. మా ఏడుగురి దగ్గరా ఒకదానితో ఒకటి కలిసిన వైర్‌లెస్ సెట్లు ఉంటాయి. ఎక్కడో ఒక సెట్టు మోగితే, ఆ మోత ఏ దిక్కు నుంచి వస్తోందో ఒక్కొక్కటి ఒక్కో గీత గీసి చూపిస్తుంది. శత్రువు సెట్టును పట్టుకోవడానికి ఇచ్చారవి. ఆ రోజు వాటితో మా విష్ణునే వెతికాం. మంచు చరియ విరిగి వాడి మీద పడింది. లోపలి నుంచి వాడి మాట రావడం లేదు, సెట్టు బటన్ నొక్కుతున్న చప్పుడు ఒక్కటే వస్తోంది.

"అవ్వ, దీక్షితను పిలువు," అన్నాను.

విసుక్కుంటూనే పిలిచింది. "ఓ అవ్వా" అని లోపలి నుంచి వినిపించింది. చెరకు నిలువెత్తు దాటి ఉంది, మనిషి కనిపించదు.

"ఎటుంది?"

లింగవ్వ చెయ్యి చాపింది. పక్కనే నిలబడి నేనూ అటే చాపాను.

"ఎంత దూరంల ఉంది?"

"గదెట్ల తెలుస్తది?"

"చెయ్యి దించకు. పిలుస్తనే ఉండు," అని గట్టు వెంట నడిచాను. చాలా దూరం పోయి తిరిగి చూస్తే, లింగవ్వ లేచి నిలబడి ఉంది. మళ్లీ వెళ్లిపోతున్నాననుకుంది.

ఇక్కడికి దీక్షిత గొంతు వేరే పక్క నుంచి వినిపించింది. అటు చెయ్యి చాపి, లింగవ్వ చెయ్యి చూపే దారితో అది ఎక్కడ కలుస్తుందో చూసుకుని చెరకులోకి దిగాను. కొడవలి పట్టుకుని దీక్షిత అక్కడే ఉంది. ఆమెను వెంటబెట్టుకుని బయటికి వచ్చాను.

"అందరం ఒక్క కాడ ఉంటే దిక్కే తెలుస్తది అవ్వ, జాగ తెలువది. ఒకడు దూరం పోవాలె. మంచుల కిలోమీటరు పోయిన. జాగ దొరికింది, తవ్వినం. అప్పటికే వాని పాణం పోయింది."

లింగవ్వ మూడు నెలలుగా తనను తినేస్తున్న మాట అడిగింది.

"నువ్వు ఎందుకు పోతున్నవో వానికి ఎరుకనా? ఇడిసిపెట్టి పోయిండ్రనుకున్నడా?"

"సెట్టుల చెప్పిన అవ్వ. జాగ పట్టనీకి దూరం పోతున్న, నొక్కుడు ఆపకు అన్న. మాట రాలే. రెండుసార్లు నొక్కిండు."

"అంటే?"

"మా దగ్గర రెండు నొక్కులంటే సరే అని. పో అన్నట్టు."

లింగవ్వ కూతురి వైపు తిరిగింది.

"మీ అన్ననే పొమ్మన్నడంట," అంది.

విష్ణు పోయాక నేను ఏడ్వడం అదే మొదలు. లింగవ్వ నా చెయ్యి పట్టుకుని గట్టు మీద తన పక్కన కూర్చోబెట్టుకుంది.