మిర్చి బజ్జీల వెనక బిళ్లలు

నేను ఒక స్కానింగ్ మిషన్‌ని. ఫ్యాక్టరీలో నన్ను తొమ్మిది రోజుల్లో తయారుచేశారు. ఈ సర్కారు దవాఖానాలో నా పెట్టె విప్పడానికి పదకొండు నెలలు పట్టింది. ఎందుకంటారా? రిబ్బన్ కత్తిరించే పెద్దమనిషికి తీరిక లేదు! రోగులు నా పెట్టె మీదే కూర్చుని, "ఈడ స్కానింగ్ లేదంట" అనుకుంటూ లేచి వెళ్లిపోయేవారు. అప్పుడు నాకు నోరు లేదు. ఇప్పుడుంది కాబట్టి తిడుతున్నాను: సిగ్గులేని జన్మలు!

సరే, మొగిలి సంగతి వినండి. మార్కెట్ యార్డులో హమాలీ. క్వింటాలు బస్తా మోసే మనిషి, మూడు నెలలుగా చెంబెత్తినా ఆయాసపడుతున్నాడు. సాయంత్రమైతే జ్వరం. లుంగీ నడుము మీద నిలవడం లేదు. ఇలాగే వదిలేస్తే మనిషి దక్కడని భార్య లింగవ్వ ఈడ్చుకొచ్చింది.

డాక్టర్ నస్రీన్ నా ప్రోబుకు జెల్లీ రాసి అతని పొట్ట మీద ఆనించింది. తెర నిండా తెల్లటి పొగ. గ్యాసు! నేను చూసేది శబ్దంతో; ఆ శబ్దం గ్యాసును దాటిపోలేదు. అదే నా చేతకానితనం.

"పరగడుపున రమ్మంటిమి గదా, ఏం తిన్నవ్?"

"ఎనిమిది మిర్చి బజ్జీలు, మేడం. ఉత్త కడుపుల మిషన్‌కు ఏం కనవడ్తది?"

"నీ బజ్జీలల్ల మన్నువడ!" లింగవ్వ నెత్తి కొట్టుకుంది. "పానం పోతుంటె బజ్జీలకు ఫొటో దింపిస్తవా?"

మర్నాడు ఆమె అతని చెయ్యి వదలకుండా బజ్జీల బండి దాటించి తెచ్చింది. డాక్టరమ్మ ప్రోబును గట్టిగా నొక్కింది. పొగ విడిపోయింది. పేగుల వెనక, పెద్ద రక్తనాళం చుట్టూ నల్లటి ఉండలు, గుత్తులు గుత్తులుగా. కాలికి పుండైతే గజ్జల్లో బిళ్ల కడుతుంది చూడండి, అలాంటి బిళ్లలే, కడుపులో. చిక్కుడు గింజంత ఉండాల్సినవి నిమ్మకాయలంత! ఎందుకు ఉబ్బాయో నేను చెప్పలేను, గొప్పలు పోను. బిళ్లలోకి సూది గుచ్చి తీసిన పరీక్ష చెప్పింది: టీబీ. ఆరు నెలలు మందులు వాడితే నయమవుతుందన్నారు.

"నడుమ నడుమ బజ్జీలు తినొచ్చా, మేడం?" అదీ అతను అడిగిన మొదటి ప్రశ్న!

ఏళ్లు గడిచాయి. నా తెర చచ్చింది. తుక్కు గదికి పంపమన్నారు. ఆ సంతకం మాత్రం గంటలో పడింది, రిబ్బన్ కూడా అక్కర్లేకపోయింది. మోయడానికి ఎవరొచ్చారనుకున్నారు?

"జరుగుండ్రి, నేనొక్కన్నే చాలు," అంటూ మొగిలి నన్ను పొట్టకు ఆనించి ఎత్తాడు.

కరెంటు లేదు. జెల్లీ లేదు. అయినా ఆ పొట్ట నాకు తెలియదా? లోపల ఒకటే గుడగుడ.

ఎనిమిది కాదు, పన్నెండు తిన్నాడు.