కిటికీ పక్క బల్ల

పిన్ని బల్ల తుడుస్తూనే ఉంది. దాని మీద మరకా లేదు, మెతుకూ లేదు. అయినా తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి, అంచుల దగ్గర బొటనవేలితో ఇంకోసారి తుడిచింది. ఒకప్పుడు ఈ హోటలు హాలు నిండా బల్లలే. మధ్యాహ్నం మంచినీళ్ళ జగ్గు పట్టుకుని వాటి మధ్య నడవాలంటే ఒళ్ళు ముడుచుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు గోడల పొడవునా ఇనుప అరలు, అరల నిండా ముడులేసిన సంచులు. కిటికీ పక్కన ఈ ఒక్క బల్లా, ఎదురెదురుగా రెండు కుర్చీలూ మిగిలాయి.

దాని మీదా ఎవరో పార్సిళ్ళు పెట్టిపోయారు. పిన్ని వాటిని తీసి కౌంటరు మీద ఠపీమని పెట్టింది.

"ఖాళీగానే ఉందిగా పిన్నీ," అన్నాడు యజమాని, ఆర్డర్లు వచ్చే తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

"ఆయనొచ్చే వేళైంది బాబూ."

"ఆయనొక్కడి కోసం..." అని ఆగిపోయాడు. చెప్పాల్సింది నిన్ననే చెప్పేశాడు మరి. ఆ గడియారాలాయన కూడా రావడం మానేస్తే ఇక బల్లెందుకు, వడ్డించే మనిషెందుకు? పాపం, చెడ్డవాడేం కాదు. యాప్‌వాళ్ళు తమ వాటా తాము కోసుకుంటుంటే మిగిలినదాంతో కొట్టు నడుపుతున్నాడు. ప్యాకింగుకు చురుకైన చేతులు కావాలంటాడు. పిన్ని చేతులేమో వడ్డనకు అలవాటు పడ్డవి. పొగలు కక్కే కూర డబ్బాలో పోయగానే మూత పెట్టదు. ఆవిరి నీరై మళ్ళీ కూరలోనే పడుతుందని కాసేపు ఆగుతుంది. ఆలోగా తెర మీద ఆలస్యమని ఎర్రగా వెలుగుతుంది, యజమాని తల పట్టుకుంటాడు.

పైఅంతస్తు ఆఫీసువాళ్ళు సైతం యాప్‌లోనే తెప్పించుకుంటారు. హెల్మెట్ పెట్టుకున్న మనిషొకడు ఎక్కడినుంచో వచ్చి, సంచి అందుకుని, ఆ మెట్లే ఎక్కి ఇచ్చి దిగిపోతాడు. వాళ్ళు దిగిరావచ్చు కదా! దిగరు. ఎవరి ఓపిక వాళ్ళది, ఎవరి డబ్బు వాళ్ళది.

"అన్నానికో ధర, డబ్బాకో ధర, తెచ్చినందుకో ధర, వాన పడితే వానకో ధర," అని గడియారాలాయన పగలబడి నవ్వేవారు. "వాన వాళ్ళ సొంతమా ఏంటి పిన్నిగారూ, అద్దెకిస్తున్నారు?"

ఆయన పక్క సందులో, ఒకప్పటి తన గడియారాల కొట్టు పైనే కూతురితో ఉంటారు. భార్య పోయిన దగ్గర్నుంచీ మధ్యాహ్నం భోజనం ఇక్కడే.

"మీ ముందు చిన్నదాన్ని, మీకు పిన్నినెలా అవుతానండీ?" అని పిన్ని దెప్పేది.

"అందరికీ పిన్నివేగా, నేనేం పాపం చేశాను?"

కూతురు ఇంటికే తెప్పించుకోమంటుందట. "వేడివేడిగానే వస్తుంది, కాదనను. కానీ ఇంకాస్త పెట్టమంటారా అని డబ్బా అడగదు కదా," అనేవారు. తినడం అయ్యాక పిన్ని ఎదురు కుర్చీలో కూలబడి కాళ్ళు చాపుకునేది. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. గదికి వెళితే పలకరించే దిక్కు లేదు. ఈ హాల్లో ఇన్నేళ్ళుగా ఎంతమందికి వడ్డించిందో, "నువ్వు తిన్నావా?" అని అడిగింది ఆయనొక్కరే. ఉద్యోగం పోతుందన్న భయం ఉంది, లేదనకూడదు. అంతకంటే, ఆ మాట వినపడకుండా పోతుందన్న దిగులే ఎక్కువ.

వాన మొదలైంది. ఆయన వచ్చే వేళ దాటింది. పిన్ని కిటికీలోంచి సందు మలుపు వైపే చూస్తూ నిలబడింది.

కౌంటరు మీద మిషన్ చీటీ కక్కింది. యజమాని చదివాడు. "సగం అన్నం, మెత్తగా. కూర, కారం తగ్గించి. పక్క సందు, గడియారాల కొట్టు పైన." చదివి తల దించుకున్నాడు.

పిన్నికి మొహాన కొట్టినట్టయింది. మీరూనా! వాన అద్దె కట్టడానికి సిద్ధపడ్డారన్నమాట. అన్నన్ని కబుర్లు చెప్పి, ఒక్క మాటైనా చెప్పకుండా!

"ఈ పార్సిలు నేను కడతాన్లే," అని చీటీ లాక్కుంది. కట్టలేదు. అరలో అన్నిటికంటే వెనక్కి తోసింది. ముందు మిగతావాళ్ళవి కానీ. ఈయనకేం తొందర, ఇంట్లో కాళ్ళు బార్లా చాపుకుని కూర్చున్నారుగా! హెల్మెట్ అతను వచ్చి నిలబడ్డాడు, అడిగాడు, మళ్ళీ అడిగాడు. చివరికి విసుక్కుని ఇంకో ఆర్డరు పట్టుకుని వెళ్ళిపోయాడు. తెర ఎర్రబడింది.

"ఏంటి పిన్నీ ఇది!" యజమాని కసిరాడు.

"నేనే ఇచ్చొస్తా. రెండు మాటలు అడిగొస్తా కూడా."

అన్నం మెత్తగా ఉందో లేదో వేళ్ళతో నలిపి చూసి మరీ పెట్టింది. కూర ఆవిరి పోనిచ్చి మూత బిగించింది. కోపం కోపమే, వడ్డన వడ్డనే. సంచి కొంగు కింద దాచుకుని వానలో నడిచింది. దారంతా మాటలు కూర్చుకుంటూనే ఉంది.

తలుపు దగ్గరగా వేసి ఉంది. తట్టకముందే కూతురు తీసింది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. తడిసిన సంచినీ, పిన్నినీ మార్చి మార్చి చూసింది.

"మీరేనా పిన్నిగారు?"

పిన్ని ఆమె భుజం మీదుగా లోపలికి చూసింది. లోపల మంచం మీద ఆయన వెల్లకిలా ఉన్నారు. మెడ వరకూ దుప్పటి కప్పి ఉంది.

"ఇప్పుడే డాక్టరుగారు చూసి వెళ్ళారు," అంది కూతురు. "పొద్దుట్నుంచీ ఆయాసం. ఆస్పత్రికి పోదాం అంటే వినలేదు. హోటలుకు వస్తానని ఒకటే పట్టు. నడవలేనని తెలిశాక, 'అక్కడినుంచే తెప్పించు, చీటీ చూస్తే నేను ఇంట్లో ఉన్నానని ఆవిడకి తెలుస్తుంది, లేకపోతే బల్ల కాపలా కాస్తూ తిండి మానేసి కూర్చుంటుంది' అన్నారు. వచ్చిందా, వచ్చిందా అని అడుగుతూనే ఉన్నారు. నేను గుమ్మంలోకి వెళ్ళి చూసొచ్చేసరికి ఊపిరి..."

"నేనే ఆలస్యం చేశానమ్మా," అంది పిన్ని. "నేనే వెనక పెట్టాను. నేనే!"

ఆ పిల్లకి అర్థమైనట్టు లేదు. భుజం మీద తల వాల్చి ఏడ్చింది. పిన్ని ఆ వీపు నిమురుతూ నిలబడింది. సాయంత్రానికి బల్ల వెళ్ళిపోతుంది, రేపో ఎల్లుండో తనూ వెళ్ళిపోతుంది. పోనీ. ఆకలితో పంపించేశాను మహానుభావుణ్ణి అన్నదొక్కటే గుండెల్లో తిరుగుతోంది.

దుప్పటి కింది అంచున ఆయన పాదాలు కనిపిస్తున్నాయి. ఒక కాలికి బూటు ఉంది, తాడు ముడేసి ఉంది. రెండో కాలు ఉత్తిది.

"రెండోది తొడుక్కోలేకపోయారు," అంది కూతురు.

మంచం పక్కన కుర్చీ ముందు ఆ రెండో బూటు ఉంది, తాళ్ళు వదులు చేసి, లోపల మేజోడు దోపి, గుమ్మం వైపు తిరిగి.