చక్రం పుట్టిన ఏడాది

ఫర్హా బడిలో పాఠాలు చెప్పి వచ్చేసరికి స్నానాలగదిలో మళ్ళీ ట్రక్కు చక్రం ఉంది. అత్తగారు మెహర్ సుల్తానా చిన్న పీట మీద కూర్చుని, పాత పళ్ళబ్రష్షుతో దాని అంచు రుద్దుతోంది. "జరంత ఆగు బిడ్డా, మురికి వదుల్తున్నది," అంది తల ఎత్తకుండా.

మామగారు జహాంగీర్ పోయి ఇంకా రెండు నెలలు కాలేదు. అత్తగారు ఇద్దత్‌లో, భర్త పోయాక పాటించే గడువులో, ఉంది. అది తీరేదాకా ఖతర్‌లో, అల్ తుమామాలోని ఈ ఇంటి గడప దాటదు. అందుకే చక్రాలను ఇంటికి తేవలసి వస్తోందని ఫర్హా భర్త హారిస్ అందరికీ చెబుతున్నాడు. అది నిజం కాదు. చక్రాలు ఎప్పుడూ ఇంటికే వచ్చేవి.

పెళ్ళయి వచ్చిన కొత్తలో, మాసిన బట్టలు తెచ్చినట్టే మామగారు వీటినీ కడిగించడానికి తెస్తున్నారనుకుంది ఫర్హా. పాత కార్లకూ ట్రక్కులకూ వాటితో పాటే తయారైన అసలు చక్రాలు వెతికిపెట్టే దుకాణం ఆయనది, ఇండస్ట్రియల్ ఏరియాలో. జహాంగీర్ ఉస్తాద్ చెయ్యి పెడితే చాలు, అసలుదేదో తెలిసిపోతుందని అక్కడ పేరు. ఇంటికొచ్చిన వాళ్ళతో ఆయన భార్యను చూపించి, "మా బేగం కడుగుతది, నేను చూస్త," అనేవాడు. ఆమె నవ్వి, చాయ్ గ్లాసులు అందించి లోపలికి వెళ్ళిపోయేది. వాళ్ళు వెళ్ళాక ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి, గొంతు తగ్గించి అడిగేవాడు: "ఏమంటవ్? అసలుదేనా?"

ఆయన చెడ్డవాడు కాదు. ఎండ మండే రోజుల్లో బడి గేటు దగ్గర పికప్ ఆపి, ఏసీ వేసి ఉంచి, కోడలి కోసం ఎదురుచూసేవాడు. ఇప్పుడు ఆ గేటు చూడలేక ఫర్హా పక్క గేటు నుంచి బయటికి వస్తోంది. ఆయన మీద ప్రేమ ఉంది, ఆ గుసగుస మీద కోపమూ ఉంది. ఒకటి రెండోదాన్ని తగ్గించడం లేదు. అయినా, బడిలో తాను తయారుచేసిన ప్రశ్నపత్రం వేరొకరి పేరుతో వెళ్ళినప్పుడు తాను మాత్రం ఏం చేసింది? నవ్వి ఊరుకుంది. "సర్దుకపోతవ్, గదే నీ మంచి గుణం," అన్నాడు హారిస్.

మెహర్ సుల్తానా చక్రాన్ని పొడిగుడ్డతో తుడిచింది. ఒకసారి హారిస్ తొందరపడి ఒక చక్రాన్ని ఇసుక చిమ్మే మెషీన్‌తో కొట్టించాడు. తుప్పుతో పాటు దాని మీద అచ్చుకొట్టిన అంకెలూ పోయాయి. ఆ రోజు ఆమె అన్నం ముట్టలేదు. ఆమె పద్ధతి వేరు. బియ్యప్పిండి వేలికి అద్దుకుని, గాలి కొట్టే రంధ్రం పక్కన మెల్లగా రాసింది. ఫోన్ లైటు ఏటవాలుగా పట్టమంది. ఫర్హా పట్టింది. ఏమీ లేదనుకున్న ఇనుము మీద తెల్లగా అంకెలు లేచాయి. ముందు పార్ట్ నంబరు, కింద చిన్నగా చక్రం తయారైన ఏడాది. ఫ్యాక్టరీ కొట్టిన అంకె ఎంత లోతుంటుందో, తర్వాత ఎవరో చేత్తో కొట్టిన అంకె ఎక్కడ జారుతుందో ఆ వేలికి తెలుసు. ఎన్నిసార్లు చూసినా ఫర్హా ఆ క్షణాన ఇంకాస్త దగ్గరికి వంగుతుంది.

హారిస్ ఫోన్‌ను ఛాతీకి అదిమి పట్టుకుని వచ్చాడు. "అమ్మీ, స్టెప్నీతోని అయిదూ ఒరిజినలేనా? పెద్దాయన లైన్ల ఉన్నడు." పెద్దాయన అంటే, తన తండ్రి నడిపిన పాత ట్రక్కును ఉన్నదున్నట్టు నిలబెట్టుకోవాలని తపిస్తున్న ఖతరీ ముసలాయన. ఇంతకుముందు తన జీపు చక్రాలు కూడా వీళ్ళ దగ్గరే తీసుకున్నాడు.

"ముందు చూసిన నాలుగు అసలువే. ఇది కాదు. ట్రక్కు తయారైనంక రెండేండ్లకు పుట్టింది."

"పార్ట్ నంబర్ ఒక్కటే గద అమ్మీ?"

"నీ పెండ్లయినంక పుట్టిన పోరడు నీ దావత్‌ల బిర్యానీ తిన్ననంటే నమ్ముతవా?"

ఫర్హా నవ్వు ఆపుకోలేకపోయింది. హారిస్ నవ్వలేదు. ఫోన్ స్పీకర్‌లో పెట్టి, నాలుగు అసలువి, ఒకటి తర్వాతిది, నేనే చూశాను అని ఉర్దూలో చెప్పాడు.

"మీ నాన్న చెయ్యే వచ్చింది నీకు," అన్నాడు ముసలాయన ఉర్దూలోనే, సంతోషంగా. "ఎలా కనిపెట్టావు?"

హారిస్ ఫోన్‌ను అరచేత్తో మూసి తల్లి వైపు వంగాడు. గొంతు తగ్గింది. "ఏం చెప్పాలె అమ్మీ?"

జవాబు ఆమె పెదవుల దాకా వచ్చింది. ఇప్పుడు హారిస్ చెవిలో చెప్పేస్తే ఇక ఎప్పటికీ ఇంతే, అనుకుంది ఫర్హా. "అమ్మీ," అని మాత్రం అంది.

మెహర్ సుల్తానా కోడలి వైపు చూసింది. చేతి పిండి చున్నీకి తుడుచుకుంది. "ఫోన్ నాకియ్యి."

"ఇద్దత్‌ల ఉన్నవ్ అమ్మీ. పరాయి మొగోనితోని..."

"గడప దాటుతున్ననా బిడ్డా? పని మాట చెప్తున్న."

ఆమె సలాం చెప్పింది. "నేను మెహర్ సుల్తానాను, జహాంగీర్ భార్యను. ఈ చక్రాలు చూసింది నేను. అప్పుడు మీ జీపువి చూసిందీ నేనే."

హారిస్ నేల వైపు చూస్తున్నాడు.

"అయితే ఇన్నేళ్ళూ నేను మెచ్చుకున్నది మిమ్మల్నన్నమాట," అన్నాడు ముసలాయన నెమ్మదిగా. "ఇకమీదట మిమ్మల్నే అడుగుతాను. మీ ఫోన్ నంబరు చెప్పండమ్మా."

ఆమె తడబడింది. ఎన్ని బండ్ల చక్రాల అంకెలో ఆమెకు నోటికి వచ్చు. తన నంబరు మాత్రం ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

"బిడ్డా, నా నంబరెంత?" అంది ఫర్హాతో.

ఫర్హా తన ఫోన్‌లో వెతికి ఒక్కొక్క అంకే చదివింది. ఆమె ఒక్కొక్కటే పలికింది, తొందర లేకుండా, గట్టిగా.