త్సుగుమి మోకాలు వంచిన తొమ్మిది సెకన్లు

మినోదా తొమొయెకు వీడియో గేములంటే గౌరవం లేదు. వాటిలోంచి పుట్టుకొచ్చే కార్టూన్ సీరియళ్ళంటే అసలే లేదు. ముప్పై నాలుగేళ్ళుగా కాగితం మీద పెన్సిల్‌తో మరమనుషుల్ని గీసి గీసి చూపుడువేలికి కాయ కాసిన మనిషి ఆమె. కామి-ఇగుసా స్టేషన్ పక్క సందులో, డ్రైక్లీనింగ్ షాపు పైఅంతస్తులో ఉన్న స్టూడియోలో యంత్రం బొమ్మ ఎవరు గీసినా ఆమె ఎర్రపెన్సిల్ కిందనుంచి పోవాల్సిందే. చాలామంది బొమ్మలు ఆ పెన్సిల్ కింద ఏడ్చాయి, గీసినవాళ్ళు కూడా.

ఈసారి నెత్తిన పడ్డ సీరియల్లో యంత్రం పేరు త్సుగుమి. పద్దెనిమిది మీటర్ల ఎత్తు. గేములో దాన్ని లక్షలమంది నడిపారట. మినోదా ఒక పూట ఆ గేమును ముందేసుకుని కూర్చుని, గంటకల్లా పక్కకు నెట్టేసింది. బటన్ నొక్కితే పరుగు, బటన్ నొక్కితే కాల్పులు. ఒంట్లో బరువు లేదు, కాలికింద నేల లేదు. భుజం గోడలోంచి దూరిపోయినా అడిగే నాథుడు లేడు. ఇలాంటి దానికి అభిమానులా అని ఆమె బాహాటంగానే అసహ్యించుకుంది.

అయినా మొదటి భాగంలో ఒక్క షాట్ మీద ఆమెకు ప్రాణం లేచొచ్చింది. కూలిన వంతెన దగ్గర కాలు విరిగిన పైలట్ పాక్కుంటూ వస్తుంది. ఆమెను ఎక్కించుకోవడానికి త్సుగుమి మోకాలు వంచి కూర్చోవాలి. మొత్తం తొమ్మిది సెకన్లు. దానికోసం మినోదా మూడు వారాలు పనిచేసింది. అంత బరువైనది ఎలా కూర్చుంటుందో తెలుసుకోవాలని జూకు వెళ్ళి, ఏనుగు ఎప్పుడు కూర్చుంటుందా అని రెండు మధ్యాహ్నాలు కాపు కాసింది. ఎనభై నాలుగు బొమ్మలూ తనే గీసింది, ఒక్కటి కూడా ఇంకొకరి చేతికివ్వలేదు. ఇక ఇంతకన్నా మంచి పని తన చేతిలోంచి రాదని ఆమెకు తెలుసు. ఆ మాట ఎవరితోనూ అనలేదు గానీ, ఆ కాగితాల కట్టను ఇంటికి తీసుకెళ్ళి పక్కన పెట్టుకుని పడుకుంది.

గేమ్ కంపెనీ వాళ్ళు చూసి ముద్ర వేయనిదే ఏ బొమ్మా ముందుకు కదలదు. ఆ చూసే పని కుత్సునా అనే ముప్పై ఏళ్ళవాడిది. ఇస్త్రీ చొక్కా, నల్ల సంచీ, గుమ్మం దగ్గరినుంచే వంగి వంగి దణ్ణాలు. వారం తిరక్కుండానే మోకాలు వంచిన బొమ్మలు ఎర్ర చీటీతో వెనక్కి వచ్చాయి. అధికారిక నమూనాలో నడుము రేకు ఒకటే ముక్క, మూడు ముక్కలుగా చూపించారు, దయచేసి సరిచేయగలరు, అని చీటీ.

నడుము నుంచి తొడల మీదికి దిగే ఆ రేకు ఒకటే ముక్కైతే తొడ పైకి లేవదు. తొడ లేవకపోతే యంత్రం కూర్చోదు. నిక్కర్లు వేసుకునే పిల్లలకు కూడా అర్థమయ్యే సంగతి ఇది. అందుకే మినోదా రేకును మూడుగా చీల్చి బందులు పెట్టింది.

మీటింగుకు పదకొండుమంది వచ్చారు. డబ్బు పెట్టిన ప్రతి కంపెనీ నుంచీ ఒకరు. పాటల కంపెనీ ఆయన, ఆ తొమ్మిది సెకన్లలో తమ గాయని గొంతు ఎక్కడ మొదలవుతుందని అడిగాడు. ఆటబొమ్మల కంపెనీ ఆయన, అచ్చు ఎప్పుడో పోసేశాం, మా త్సుగుమికి నడుము దగ్గర బందు లేదు, అది నిలబడి చెయ్యి కిందికి చాపితే సరిపోదా అన్నాడు. మిగిలినవాళ్ళు టీ తాగుతూ తలలు ఊపారు. పదకొండు మందిలో ఒక్కడు కూడా పెన్సిల్ తెచ్చుకోలేదని మినోదా గమనించింది.

ఆమె నేరుగా కుత్సునా వైపు తిరిగింది.

"ఏమయ్యా, మీ గేములో ఇది ఎప్పుడైనా కూర్చుందా?"

"లేదండీ. కూర్చోడానికి బటన్ లేదు."

"బలవంతంగా కూర్చోబెడితే?"

కుత్సునా కాస్త నీళ్ళు నమిలాడు. "రేకు తొడలోంచి దూరిపోతుందండీ. ఎవరికీ కనపడదు."

"నీకు కనపడదు. నాకు కనపడుతుంది. నిలబడి చెయ్యి చాపితే అది టిక్కెట్లు ఇచ్చేవాడిలా ఉంటుంది నాయనా, కాపాడటానికి వచ్చినట్టు ఉండదు."

మీటింగు ముగిశాక కుత్సునా ఆమె బల్ల దగ్గరికి వచ్చి, బందులు గీసిన కాగితాల నకళ్ళు ఒక జత ఇస్తారా అని అడిగాడు. మీ ఆఫీసు గోడకు అంటించుకో, మరక దాచుకోడానికి పనికొస్తుంది అంటూ ఆమె కట్ట విసిరినట్టే ఇచ్చింది. అతను రెండు చేతులతో అందుకుని, వంగి దణ్ణం పెట్టి, సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. వెన్నెముక బదులు బందు పెట్టుకు పుట్టాడని అతని వెనకాలే అందరికీ వినబడేలా అంది.

ఆ తర్వాత పన్నెండు రోజులు గేమ్ కంపెనీ నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఆ వ్యాపారంలో ఎవరూ ఎవరికీ కాదని చెప్పరు, ఊరుకుంటారు. ఊరుకున్నారంటే కాదన్నట్టే. గడువు తరుముకొస్తుంటే స్టూడియోవాళ్ళు కంప్యూటర్ విభాగం చేత నిలబడి చెయ్యి చాపే షాట్ చేయించి ఆ చోట్లో అతికించారు. మినోదా దాన్ని ఒకసారి చూసి పెద్దగా నవ్వింది. ఆ నవ్వుకు పక్క గదిలోవాళ్ళు కూడా తలలు దించుకున్నారు.

అప్పుడే ప్రొడక్షన్ మేనేజర్ ఒరిహారాను పిలిచి, చివర్లో వేసే పేర్లలోంచి తన పేరు తీసెయ్యమంది. దాని బదులు గోన్బెయి అని వెయ్యమంది. ఊరూ పేరూ లేనివాడికి అక్కడ జనం పెట్టే పేరు అది. ఈ చెత్తకు ఆ పేరు చాలన్నమాట.

ఒరిహారా నలభై ఏళ్ళ నెమ్మదైన మనిషి. ఇంకోసారి ఆలోచించమని బతిమాలింది. "అక్కా, తీసేశాక మళ్ళీ పెట్టాలంటే మీ నోటితో మీరే చెప్పాలి. మేమెవరం ముట్టుకోలేం. తెలుసుగా?"

"ముప్పై నాలుగేళ్ళ నుంచి తెలుసు."

ఆ మధ్యాహ్నమే ఆమె సెలవు పెట్టి ఇంటికి వెళ్ళిపోయింది. త్సుగుమి అన్న మాట తన చెవిన పడకూడదని అందరికీ చెప్పి మరీ వెళ్ళింది. మొదటి భాగం ప్రసారానికి మూడు రోజుల ముందు ఒరిహారా ఫోన్ చేసింది.

"అక్కా, త్సుగుమి షాట్ విషయం, మీ పేరు గురించి ఒక్క నిమిషం..."

"ఆ బొమ్మ సంగతి నాకు చెప్పొద్దన్నాను." ఫోన్ పెట్టేసింది. మళ్ళీ మోగితే తియ్యలేదు. వచ్చిన మెసేజ్‌లు తెరవకుండానే తుడిచేసి, ఆ పూట హాయిగా ముల్లంగి ఉడకబెట్టుకుని తింది. పంతం నెగ్గినట్టే అనిపించింది ఆమెకు.

ఆదివారం సాయంత్రం అయిదింటికి ప్రసారం. మినోదా స్టూడియోకు వెళ్ళింది, కేవలం నవ్వడానికి. ఇరవైమంది టీవీ ముందు నేలమీద కూర్చుని ఉన్నారు. ఆమె రాగానే ఒరిహారా లేచి ఏదో చెప్పబోతే, తర్వాత, తర్వాత అని చేత్తో ఆపి గోడకు ఆనుకుని నిలబడింది. మొదటి పదిహేను నిమిషాలూ ఆమెకు నచ్చినట్టే చెత్తగా ఉన్నాయి. పక్కనున్న కుర్రచిత్రకారిణికి ఒక్కో తప్పూ చూపిస్తూ వేళాకోళం చేసింది.

వంతెన కూలింది. పైలట్ పాక్కుంటూ వచ్చింది. త్సుగుమి చెయ్యి చాపలేదు. బరువంతా ఎడమకాలి మీదికి తీసుకుని, కుడిమోకాలు కొద్దిగా వంచి, ఆగింది. నడుము రేకు మూడుగా విచ్చుకుంది. తొడ పైకి లేచింది. కుడిమోకాలు నేలను తాకగానే వంతెన మీది దుమ్ము ఆలస్యంగా, ఆమె గీసినంత ఆలస్యంగా, పైకి లేచింది. ఒక్క గీతా మారలేదు. ఎనభై నాలుగూ ఆమెవే.

గదిలో ఎవరో చప్పట్లు మొదలుపెట్టి, ఆమె ముఖం చూసి ఆపేశారు. మినోదా నోటిమీద చెయ్యి పెట్టుకుంది. ఇన్నేళ్ళలో తన పని చూసుకుని ఆమె ఇంత సంతోషపడింది లేదు. ఆ సంతోషం నిలబడింది నాలుగు నిమిషాలే, పాట మొదలై పేర్లు పైకి పాకేదాకా. యంత్రాల చిత్రాల పర్యవేక్షణ అన్న వరస పక్కన, తెల్లటి అక్షరాల్లో, గోన్బెయి.

"మీ బొమ్మలకు ముద్ర పడిందని చెబుదామనే ఫోన్ చేశానక్కా," అంది ఒరిహారా మెల్లగా. "మీ నోటి మాట లేకుండా ఎలా మార్చను? అమ్మకానికి వేసే డిస్కులకు కూడా ఈ ప్రతే వెళ్ళిపోయింది."

మినోదా మెట్లు దిగింది. కింద డ్రైక్లీనింగ్ షాపు ముందు కుత్సునా స్వీట్ల పెట్టె పట్టుకుని నిలబడి ఉన్నాడు. లోపలికి రావచ్చో లేదోనని ప్రసారం అయ్యేదాకా బయటే ఆగాడట. ఆమెను చూడగానే మళ్ళీ నడుము దాకా వంగాడు.

ఆమె అడిగితే ఒక్కొక్కటే చెప్పాడు. ఆ నకళ్ళు జత చేసి, నమూనా మార్చాలని ఒక కాగితం తయారుచేశాడు. దాన్ని పట్టుకుని ప్రతి విభాగం బల్ల దగ్గరా నిలబడ్డాడు. ఆటబొమ్మల కంపెనీకి రెండుసార్లు వెళ్ళి, రెండో అచ్చు పోయడానికి ఒప్పించాడు. వచ్చే నెలనుంచి గేములో కూడా త్సుగుమి కూర్చుంటుంది, దానికో బటన్ పెట్టారు.

"ఒక్క ముక్క నాతో అనొచ్చుగా?"

"ఆఖరి ముద్ర పడకముందు బయటివాళ్ళకు చెప్తే కాగితం అక్కడితో ఆగిపోతుందండీ. అన్నీ పడేసరికి ప్రసారానికి మూడు రోజులే మిగిలాయి. ఇరవై మూడు ముద్రలు."

"ఒక రేకు కోసం ఇరవై మూడుమంది ఎలా ఒప్పుకున్నారు?"

కుత్సునా ఇబ్బందిగా నవ్వాడు. "పైన మీ పేరు రాశానండీ. నమూనా తప్పని మినోదా తొమొయె గారు అంటున్నారు అని. మా పెద్దవాళ్ళలో చాలామంది చిన్నప్పుడు మీ బొమ్మలు చూసినవాళ్ళే. లోపల ఏముందో చదవకుండానే ముద్ర కొట్టారు."

మినోదా అతన్ని మొదటిసారి మీరు అని పిలిచింది.

"ఆ కాగితం నాకు ఒక్కసారి చూపిస్తారా?"

కుత్సునా పెట్టె పట్టుకునే ఇంకా కిందికి వంగాడు.

"మన్నించండి. అది ఆఫీసు లోపలి కాగితం. బయటివాళ్ళకు చూపించకూడదండీ."

ఇన్నాళ్ళూ ఇలాంటి జవాబు వింటే చాలు, ఆమె నాలుక చివర ఒక వెటకారం సిద్ధంగా ఉండేది. ఇప్పుడు ఆమె రెండు చేతులూ చాపి, నడుము దాకా వంగి, ఆ స్వీట్ల పెట్టె అందుకుంది.