బాయిల పడ్త

దవాఖాన వరండాలో కుళాయి కింద టిఫిన్ డబ్బా కడుగుతుంటే నాయిన ఫోన్ చేశాడు.

"కారప్పొడి డబ్బ ఏడ పెట్టింది మీ అమ్మ? అడుగు."

అమ్మకు గర్భసంచి తీసేసినప్పటి నుంచి ఆయన చేసే ఫోన్లన్నీ ఇలాంటివే. గడ్డి కోసే కొడవలి ఎక్కడుంది, నాయనమ్మ బీపీ గోళీలు ఏ సంచిలో ఉన్నాయి, బర్రెకు దాణా ఎంత పెట్టాలి. నేను తడి చేత్తో ఫోన్ పట్టుకుని వార్డులోకి పరుగెత్తడం, అమ్మ కళ్ళు మూసుకుని మా వంటింటిని తలుచుకుని చెప్పడం. మా ఇల్లు బగ్దల్‌లో ఉంది. దాన్ని నడిపే మనిషి మాత్రం బీదర్‌లో, ఒక దవాఖాన మూడో అంతస్తులో, కుట్లతో పడుకుని ఉంది.

"సజ్జ మీద, బెల్లం డబ్బ ఎన్క" అంది అమ్మ.

నాయిన ఫోన్ పెట్టేయలేదు. "రేపు డిశ్చార్జ్ అంట గద. పొద్దుగాల్నే జీపు మాట్లాడుకొని వస్త. మాపటికల్ల ఇంట్ల ఉండాలె. రొట్టె మొఖం చూసి ఎన్ని దినాలాయె! మీ నాయనమ్మ అన్నం వండి వండి పరేషాన్ అయితాంది" అన్నాడు.

ఫోన్ స్పీకర్లో ఉంది. అమ్మ అంతా విన్నది.

మా ఇంట్లో రెండు పూటలా జొన్నరొట్టే. రొట్టె అరచేత్తో కొడతారని తినేవాళ్ళు అనుకుంటారు. బలం వచ్చేది పొట్టలోంచి. కింద కూర్చుని, నడుం వంచి, పిండి మీద చెయ్యి పడిన ప్రతిసారీ బొడ్డు దగ్గర ఒక నరం గుంజుతుంది. అమ్మకు జ్వరం వచ్చినప్పుడు ఒకసారి ఇంటిల్లిపాదికీ నేనే కొట్టాను. మర్నాడు బడిలో దగ్గితే కూడా నొప్పి లేచింది. నాకు కుట్లు కూడా లేవు.

నాయిన పెట్టేశాక అమ్మ నా వైపు తిరిగి నవ్వింది. "మీ నాయినకు చెప్పు. రేపు తీస్కపోతనంటే ఈ కిటికీల నుంచి దుంకుత అని చెప్పు. ఈడ బాయి లేదాయె, కిటికితోనే సరిపెట్టుకుంట."

పక్క మంచం మీద కన్యకమ్మ ఉంటుంది. బీదర్ బజారులో వాళ్ళకు కిరాణా దుకాణం. ఆమెకూ ఇదే ఆపరేషన్. కుట్లు కదలకుండా పొట్ట మీద దిండు అదుముకుని నవ్వింది. "ఓ ప్రేమలా, దుంకేటప్పుడు నన్ను గూడ పిలువు. మా ఇంట్ల గూడ పొయ్యి నా కోసమే ఎదురు చూస్తాంది."

నేనూ నవ్వాను. అప్పుడే తలుపు దగ్గర సెక్యూరిటీ నవనాథ్ నిలబడి ఉన్నాడు. చూడ్డానికి వచ్చినవాళ్ళను బయటికి పంపే సమయం అది. అతనిది హుమ్నాబాద్. తెలుగు బాగానే వస్తుంది. అతను నవ్వలేదు. కిటికీ వైపు చూశాడు, అమ్మ వైపు చూశాడు, భుజానికి తగిలించుకున్న వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకున్నాడు.

మా ఊళ్ళో ఆడవాళ్ళు ఈ మాట ఎన్నిసార్లు అంటారో అతనికి ఎవరు చెప్పాలి? కూరలో ఉప్పు ఎక్కువైందని అత్త అంటే "బాయిల పడ్త పో" అంటారు. బర్రె పాలు చేపకపోతే దాని చెవిలో కూడా అదే మాట అంటారు. పిల్లలు బడికి పోనని ఏడిస్తే, కరెంటు పోతే, నీళ్ళు రాకపోతే, అన్నిటికీ అదే. మా నాయనమ్మ పడుచు వయసులో అనేదట, ఇప్పుడు అమ్మ అంటుంది. అమ్మ అన్నప్పుడల్లా నాయిన, "పడేటప్పుడు చేదబొక్కెన గట్టు మీద పెట్టి పడు, మళ్ళ కొత్తది కొనాలె" అంటాడు. అందరం నవ్వుతాం. అమ్మ కూడా నవ్వి పిండి కలుపుతుంది. ఆ మాట అన్న తర్వాత ఏ ఆడమనిషీ బావి వైపు పోవడం నేను చూడలేదు. పొయ్యి దగ్గరికే పోతారు.

నవనాథ్ వెనకాల ఇంకో ఇద్దరు గార్డులు వచ్చారు. మంచానికి, కిటికీకి మధ్య గోడలా నిలబడ్డారు. అమ్మ ఇంకా నవ్వు ముఖంతోనే ఉంది.

"ఏమైందన్నా?"

"నువ్వే అన్నవ్ గద అమ్మా, దుంకుత అని."

"అయ్యో, మజాక్‌కు అన్నన్నా. మా బిడ్డతోని మజాక్ చేసిన."

"మజాక్ గిజాక్ నడ్వది ఈడ. పోయిన నెల ఒగాయన గిట్లనే నవ్వుకుంట అన్నడు, మేడ మీదికెంచి దుంకిండు. డ్యూటీల ఉన్న నా దోస్తు నౌకరి పోయింది. నాకు ఇద్దరు పిల్లలున్నరు."

కన్యకమ్మ, "అరే బాబూ, నేను గూడ అన్న, నన్ను గూడ పట్టుకో మరి" అంది. అతను ఆమె వైపు కూడా అనుమానంగా చూసేసరికి ఆమె దుప్పటి మెడ దాకా లాక్కుంది.

మంచాన్ని చక్రాల మీద తోసుకుంటూ వరండా చివరి గదికి తీసుకెళ్ళారు. సెలైన్ పెట్టెలు పేర్చే గది అది. కిటికీ లేదు. ఆడ గార్డు సిద్ధమ్మ వచ్చి, నల్లపూసలు తీయమంది. గాజులు తీయమంది. చీర తీయమంది. చివరికి లంగా నాడా కూడా లాగేసింది. "నేనేం చెయ్యాలె అక్కా, ఉరేసుకునేది ఏదీ ఉంచొద్దని ఆర్డర్ ఉంది" అంటూ అన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో వేసి ముడి వేసింది. నా చున్నీ కూడా తీసుకుంది. చదువుకోవడానికి తెచ్చుకున్న పుస్తకాలు రెండూ గుండెల మీద పెట్టుకుని నిలబడ్డాను. బడిలో హాజరు పిలిస్తేనే నా గొంతు మాస్టారి దాకా పోదు. ఇక ఆమెను ఏం ఆపుతాను?

అమ్మ బాత్రూంకు పోవాలంది. ఒక చేత్తో జారిపోయే లంగాను, ఇంకో చేత్తో కుట్లను పట్టుకుని నడిచింది. తలుపు వెయ్యకూడదంది సిద్ధమ్మ. తెరిచిన తలుపు ముందు నేను వీపు పెట్టి నిలబడ్డాను. వరండాలో పోయేవాళ్ళందరూ నా ముఖం చూశారు. వాళ్ళు చూస్తున్నది నన్ను కాదని నాకు తెలుసు.

అమ్మ తిరిగొచ్చి పడుకుంది. నాకు కూర్చోబుద్ధి కాలేదు. తలుపు దాకా పోతున్నాను, వస్తున్నాను, స్టూలు మీద కూర్చున్న నవనాథ్ చూడగానే మళ్ళీ వెనక్కి తిరుగుతున్నాను.

"పింకీ" అంది అమ్మ. "పెండ్లయినకాడికెంచి ఇదే మాట అంటున్న. ఒక్కలు గూడ ఆగి ఏమైందే అని అడగలె. ఈయన ఎవరో, ఉరికొచ్చిండు చూడు." నవ్వబోయింది. నవ్వు సగంలో ఏమైందో, ముఖం గోడ వైపు తిప్పుకుంది.

ఆ మాట నా లోపల అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. ఈ మనిషి అమ్మ లంగా నాడా గుంజించాడు. ఈ మనిషే అమ్మ మాట నమ్మాడు. అతని మీద కోపం తెచ్చుకుంటే, ఇన్నేళ్ళూ ఆ మాటకు నవ్విన మా మీద ఏం తెచ్చుకోవాలి? అమ్మ నిజంగా దుంకదు. అది నాకు తెలుసు. అయితే అమ్మ రోజుకోసారి ఏం చెప్పబోయి ఆ మాట చెబుతోంది? అడగాలని అనుకున్నాను. అడిగితే ఆమె చెప్పేస్తుందేమోనని భయం వేసింది. చెప్పేస్తే తర్వాత నేనేదో ఒకటి చెయ్యాల్సి వస్తుంది.

దవాఖాన వాళ్ళు ఫోన్ చేస్తే నాయిన బండి మీద వచ్చాడు. చెప్పులకు పొలం మట్టి అలాగే ఉంది. గదిలోకి వస్తూనే, "ఇజ్జత్ తీసినవ్ గదనే! పోలీసులకు చెప్తరంట. ఊర్ల ఏం మొఖం పెట్టుకొని తిరగాలె?" అన్నాడు. అమ్మను దుప్పట్లో, ఒంటి మీద చీర కూడా లేకుండా చూసి మాట ఆపేశాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో పెట్టుకున్నాడు. ఆయన భయపడ్డాడు. ఆయనకు భయం వచ్చినా కోపంగానే వస్తుంది.

డాక్టర్ మేడం మమ్మల్ని పిలిపించింది. ఆమెది మైసూరు వైపు. కన్నడంలో మాట్లాడుతుంది. నాయినకు సంతలో బేరమాడేంత కన్నడం వస్తుంది కానీ కుర్చీలో కూర్చున్నవాళ్ళ ముందు ఆ కాస్త కూడా రాదు. నా చదువంతా కన్నడ బడిలోనే. రేషన్ ఆఫీసుకైనా, బ్యాంకుకైనా ఇంటి మాట నా నోటితోనే పోతుంది. నవనాథ్ తలుపు దగ్గర నిలబడ్డాడు.

మేడం నన్నే అడిగింది. అమ్మ మాట ఉత్తదేనా, ఇంట్లో కూడా ఇలా ఉంటుందా? ఉత్తదే అయితే రేపు అనుకున్నట్టే ఇంటికి పంపిస్తాం. కాకపోతే మానసిక వైద్యుడు చూసేదాకా ఆ గదిలోనే ఉంచాలి.

నాయిన నా భుజం తట్టాడు. "ఆమెకు జరంత తలకాయ సరిగ్గుండదు, ఏదో ఒకటి అంటనే ఉంటది, పట్టించుకోవద్దని చెప్పు. ఇప్పుడే సంతకం పెట్టి తీస్కపోతనని చెప్పు."

నేను చెప్పాల్సింది అంతే. కన్నడంలో ఒక్క చిన్న వాక్యం. అది చెబితే అమ్మ రాత్రికి ఇంట్లో ఉంటుంది, తెల్లారి పొయ్యి ముందు ఉంటుంది, తల సరిగ్గా లేని మనిషిగా ఉంటుంది. ఇక మీదట ఆమె ఏమన్నా ఇంట్లో ఈ రోజునే గుర్తు చేస్తారు. ఆ తలకాయే కారప్పొడి డబ్బా ఎక్కడుందో చెప్పింది, పొద్దున్నే.

మేడం పెన్ను టేబుల్ మీద కొడుతోంది.

"దుంకుతానన్నది తమాషాకు" అన్నాను కన్నడంలో. "ఇంటికి పోనన్నది తమాషాకు కాదు."

మేడం పెన్ను ఆపింది. ఇంట్లో ఏముందని అడిగింది. నేను చెప్పాను. రొట్టెలు కింద కూర్చుని కొట్టాలని, నీళ్ళ బిందెలు మొయ్యాలని, బర్రె పేడ ఎత్తాలని, మా తమ్ముడు పుట్టిన వారానికే అమ్మ ఇవన్నీ చేసిందని, అప్పటి నుంచే ఆమెకు నడుం నొప్పి ఉందని. ఒకటి చెప్పాక ఇంకొకటి వస్తోంది. నాయిన నా నోటి వైపే చూస్తున్నాడు. అర్థమైనట్టే ఉంది. తల దించుకున్నాడు.

మేడం నవనాథ్‌ను పిలిచి, పేషెంట్ చీర, పూసలు ఇచ్చేసి వార్డులోకి మార్చమంది. డిశ్చార్జ్ రేపు లేదంది. ఇంటికి పోయాక కూడా చాలా వారాలు నేల మీద కూర్చోకూడదు, బరువు ఎత్తకూడదు, రొట్టె అసలే వద్దు అని నాయినకు వేలు చూపించి మరీ చెప్పింది.

నాయిన ఊపిరి వదిలాడు. ముఖం తేటపడింది. వచ్చీరాని కన్నడంలో, ఈసారి ఆయనే నేరుగా మేడంతో చెప్పాడు. "ఫికర్ లేదు మేడం. పింకి ఉంది గద. అన్నీ అదే చేసుకుంటది."

మేడం తల ఊపింది. నవనాథ్ తల ఊపాడు. అందరికీ అంతా సర్దుకున్నట్టే ఉంది. ఎంత తేలిగ్గా చేతులు మారింది ఆ పని! ఎవరూ ఎత్తి నాకివ్వలేదు. ఎప్పటి నుంచో నా చేతిలోనే ఉన్నట్టు మాట్లాడారు. వచ్చే నెలలో నాకు పరీక్షలున్నాయని నాయినకు తెలుసు. తెలిసి కూడా గుర్తు రాలేదు. అమ్మకు కూడా మొదటిసారి ఇలాగే జరిగి ఉంటుంది, ఎవరో ఒకరు ఆమె పేరు చెప్పి ఊపిరి వదిలి ఉంటారు. అప్పుడు ఆమె ఏమనాలో తెలియక నవ్వి, బాయిల పడ్త అని ఉంటుంది.

అమ్మను పాత చోటికే తీసుకొచ్చారు. నాడా తిరిగి ఎక్కించడానికి పిన్నీసు కోసం కన్యకమ్మ సంచి వెతుకుతోంది. నాయిన నన్ను కిందికి పిలిచి బండి స్టార్ట్ చేశాడు. "మీ అమ్మను సిస్టర్లు చూస్తరు. ఎక్కు, ఇంట్ల మాపటికి రొట్టె కావాలె."

"నేను అమ్మ కాడ ఉంట నాయినా. ఈన్నే చదువుకుంట. రొట్టె మాత్రం నేను కొట్టను."

"రేపు?"

"రేపు గూడ కొట్టను. తమ్ముడు, నువ్వు నేర్చుకోండ్రి."

బండి చప్పుడులో సరిగ్గా వినలేదనుకున్నాడేమో, ఇంజన్ ఆపాడు. "ఏందే, మజాక్ చేస్తున్నవా?"

నవ్వడానికి నోరు తెరిచాడు. నా ముఖం చూసి మూసుకున్నాడు.