ముక్కు గారి ఇల్లు

మా ఇంట్లో ఉల్లిపాయ వేగదు. సెంటు సీసా గడప దాటదు. తలకి వాసన నూనె వద్దు, ఒంటికి వాసన సబ్బు వద్దు, బీరువాలో కలరా ఉండలు అసలే వద్దు. ఏమిటీ నిష్ఠ అంటారా? మా ఆయన ముక్కుతో సంపాదిస్తారు మరి!

స్కాట్లాండ్ నుంచి సింగిల్ మాల్ట్ విస్కీ తెప్పించి పెద్ద పెద్ద హోటళ్లకి అమ్మే కంపెనీలో ఆయన రుచి చూసే అధికారి. ఏది తెప్పించాలో, దాని గురించి కొనేవాళ్లకి ఏం చెప్పాలో ఆయనే తేల్చాలి. ఆఫీసులో అందరూ ముక్కు గారూ అని పిలుస్తారు. పెళ్లైన కొత్తలో నాకూ అది గొప్పగానే ఉండేది. పోను పోను ఆ ముక్కు ఇంటినిండా పరుచుకుని కూర్చుంది. నేను ఓ మూల సర్దుకున్నాను.

మా చెల్లి సబ్బులు చేస్తుంది. చేసినప్పుడల్లా నాకో గులాబీ సబ్బు పంపుతుంది. నేను దాన్ని కవరు మీద కవరు చుట్టి, డబ్బాలో పెట్టి, మూత బిగించి అటక మీదకి తోసేస్తాను. ఈ మధ్య అది షాపు తెరుస్తానని మొదలుపెట్టింది. "నువ్వొస్తేనే అక్కా, పరాయివాళ్లతో నా వల్ల కాదు" అంటుంది. నాకూ ప్రాణం లాగుతోంది. కానీ పొద్దంతా సబ్బుల మధ్య ఉండి సాయంత్రం ఈ ఇంట్లోకి ఎలా అడుగు పెట్టను? చూద్దాంలే, చూద్దాంలే అని నెట్టుకొస్తున్నాను.

అంతలో మా ఆయనకి జ్వరం వచ్చింది. జ్వరం పోతూ పోతూ వాసన కూడా పట్టుకుపోయింది. స్నానాల గది తలుపు వేసుకుని ఏడుస్తున్నారు పాపం. తలుపు అవతల నిలబడి ఓదార్చాను. అబద్ధం ఎందుకు, మనసులో ఓ మూల తలుపు కాస్త తెరుచుకున్నట్టూ అనిపించింది.

తెరుచుకోవడమా, నా మొహమా! మర్నాడు ఆయన లంచ్ బ్యాగులోంచి చిన్న చిన్న శాంపిల్ సీసాలు బయటికి తీశారు.

"నీ ముక్కు నాకు కావాలే. కొన్నాళ్లే. ఆఫీసులో తెలిస్తే నా పని అయిపోయినట్టే."

"జన్మలో మందు ముట్టనిదాన్ని, నాకేం తెలుస్తుందండీ!"

"తోచింది చెప్పు చాలు. మింగక్కర్లేదు."

అడుగు వెడల్పుగా, మూతి సన్నగా ఉన్న గ్లాసులో కాస్త పోశారు. నోరు కొంచెం తెరిచి వాసన చూడమన్నారు. చూశాను. అమ్మో! ముక్కులోకి పొయ్యి దూరింది.

"తడికట్టెలు అంటుకోక చిమ్మే పొగండీ ఇది. ఆసుపత్రిలో దెబ్బకి కట్టే గుడ్డ. పడవకి కట్టి ఎండబెట్టిన తాడు."

"పొగ పీట్‌ది. చిత్తడినేలలో తవ్వి తీసిన మట్టి. దాన్ని ఎండబెట్టి, కాల్చి, ఆ పొగలో బార్లీ ఆరబెడతారు. ఇప్పుడు చూడు" అంటూ రెండు చుక్కలు నీళ్లు వేశారు.

మళ్లీ చూశాను. పొగ పక్కకి తప్పుకుంది. చప్పరించి మగ్గులో ఉమ్మేశాను. నాలిక చివర మంట, ఆ మంట కింద తేనె. చిత్రంగా ఉంది. చెప్పొద్దూ, నచ్చింది కూడా. ఆయన గబగబా రాసుకున్నారు.

నా మాటలు కంపెనీకి తెగ నచ్చాయి. మేనేజరు ఆయన్ని పిలిచి, ఇన్నాళ్లూ ఈ వర్ణన ఎక్కడ దాచారండీ అన్నాడట. మా ఆయన నవ్వుతూ వచ్చి చెప్పారు. నేనూ నవ్వాను. ఆ మర్నాటి నుంచి రూల్సన్నీ నాకు మారాయి. కాఫీ వద్దు, నాలిక మొద్దుబారుతుంది. బజారుకి వద్దు, దుమ్ము. చెల్లింటికి అసలు వద్దు, అక్కడన్నీ వాసనలే. ఇదివరకు ఆయన ముక్కుకి కాపలా కాసేదాన్ని, ఇప్పుడు నా ముక్కుకి ఆయన కాపలా. ఊపిరి పీల్చడం కూడా ఉద్యోగమైపోయింది. నిజంగా ఊపిరాడేది కాదు.

నిన్న చెల్లి ఫోన్ చేసింది. "రేపు చెప్పెయ్ అక్కా. లేకపోతే వేరే మనిషిని పెట్టుకుంటాను. నా మీద కోపం తెచ్చుకోకు" అంది.

ఇవాళ ఆదివారం. పొద్దున్నే బల్ల మీద గ్లాసు సిద్ధంగా ఉంది. పాలు పొయ్యి మీద పెట్టి, బాల్కనీలో బట్టలు ఆరేస్తూ, చెల్లికి కాదని ఎలా చెప్పాలా అని మాటలు వెతుక్కుంటున్నాను. హాల్లోంచి కేక వినిపించింది.

"ఏమే! పాలు మాడుతున్నాయి!"

పరుగెత్తాను. పొయ్యి కట్టేశాను. గిన్నె దించుతూ ఠక్కున ఆగిపోయాను. హాల్లోకి వచ్చాను. ఆయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని ఉన్నారు.

"ఎప్పటినుంచి?"

"ఏమిటి?"

"వాసన! ఎప్పటినుంచి తెలుస్తోంది?"

పేపరు దించారు. "కొన్ని వారాలైంది. చెబుదామనే అనుకున్నాను..."

"మరి?"

"చెబితే నువ్వు చెల్లి దగ్గరికి వెళ్లిపోతావు. ఆఫీసులో వాళ్లకేమో నీ మాటలు కావాలి. నాకు పొగ పొగలాగే ఉంటుందే. అంతకు మించి ఏం రాయను?"

అరికాలి మంట నెత్తికెక్కింది. అరుద్దామనుకున్నాను, అరవలేదు. స్టూలు లాక్కొచ్చి అటక మీది డబ్బా దించాను. కవర్లన్నీ చించి పారేశాను. సబ్బు పట్టుకుని స్నానానికి వెళ్లి, మెడకీ చేతులకీ జుట్టుకీ తనివితీరా రుద్దుకున్నాను. నురగలో నిలబడి కాసేపు ఏడ్చాను కూడా.

తడిజుట్టుతో వచ్చి ఆయన ఎదురుగా కూర్చున్నాను. ఆయన చటుక్కున ముక్కుకి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

"చెయ్యి తియ్యండి. నాకిప్పుడు గులాబీ తప్ప ఇంకేం తెలీదు. మీరే చూడండి" అని గ్లాసు ఆయన ముందుకి జరిపాను.

తీసుకున్నారు. చాలాసేపు వాసన చూశారు.

"పొగ" అన్నారు.

"ఇంకా?"

మళ్లీ చూశారు. తలెత్తలేదు.

"గులాబీ" అన్నారు మెల్లగా.

"అదే రాయండి" అని చెల్లికి ఫోన్ కలిపాను. "షాపు తాళానికి ఇంకో చెవి చేయించవే, వస్తున్నాను."